చుక్క పెట్టగానే

మా ఆయన మీద నాకు పెద్దగా ఫిర్యాదులేమీ లేవు. చేయి చేసుకోడు, చేపల బజారుకు తనే వెళ్తాడు, గురక కూడా మర్యాదగా గోడవైపు తిరిగే పెడతాడు. ఒక్కటే చిక్కు. పెళ్లయిన నాటి నుంచి ఈనాటి దాకా నన్ను ఒక్క వాక్యమైనా చివరికంటా చెప్పనివ్వలేదు. నేను "ఇవాళ తెచ్చిన చేప..." అంటే "కొంచెం చిన్నదే, తెలుసు, పెద్దవి లేవు" అంటాడు, నేను చెప్పబోయింది దాన్ని పిల్లి ఎత్తుకుపోయిందని. "మీ అమ్మకి..." అంటే "మోకాళ్లు, డాక్టరు దగ్గరికి శనివారం తీసుకెళ్తా" అంటాడు, నేను చెప్పబోయింది మీ అమ్మకి నామీద పొద్దుటి నుంచి కోపంగా ఉందని. మనిషి చెడ్డవాడు కాదు, తొందర, అంతే. అవతలివాళ్ల నోట్లోంచి రెండక్షరాలు రాలగానే మిగతాది తనకు తెలిసిపోయిందనుకుంటాడు. అలాంటివాడు పోయిపోయి మ్యాపులు తయారుచేసే ప్రోగ్రాములో మనుషుల మాట పూర్తిచేసే యంత్రం పెట్టాడంటే నేనెందుకు ఆశ్చర్యపోతాను, ఇంట్లో అంతకాలం సాధన చేశాడాయె.

రంజాను ఉపవాసం విడిచే వేళ చెప్పే ఫిరంగి పేలడానికి ఇంకా గంట ఉంది. షోర్బా సూపు ఉడుకుతోంది, అందులో పచ్చి గోధుమ రవ్వ అడుగంటకుండా మధ్యమధ్యలో తిప్పుతుండాలి, లేకపోతే అత్తగారు గిన్నె అడుగు చూసి ఏమీ అనరు, ఆ ఏమీ అనకపోవడం పండగ దాకా సాగుతుంది. మా ఊరు గాబెస్‌లో ఈ గంట ఎవరికీ మంచిది కాదు. బజారులో కొత్తిమీర కట్ట కోసం పెద్దమనుషులు చొక్కాలు పట్టుకుంటారు, టాక్సీవాడు దిగమని మధ్యదారిలో ఆపేస్తాడు, సిగరెట్టు లేక, కాఫీ లేక ఒక్కొక్కడి కళ్లు ఎర్రగా లోపలికి పోయి ఉంటాయి. ఈ గంటలో ఎవరు ఎవర్ని ఏమన్నా లెక్కలోకి రాదు. ఉపవాసం మాట్లాడిందిలే అంటారు. ఫిరంగి పేలి, ఖర్జూరం నోట్లో పడి, మజ్జిగ గొంతు దిగాక అందరూ అన్నీ మరిచిపోతారు, మరిచిపోవాలి, అది ఇక్కడి మర్యాద. హేదీ, అంటే మా ఆయన, ఆ మర్యాదనే ఈ వారమంతా దుప్పటిలా కప్పుకుని ఉన్నాడు. ఇప్పుడు కూడా ముందుగదిలో సోఫా మీద వెల్లకిలా పడుకుని, మోచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. నిద్రపోతున్నట్టు కనిపిస్తే ఎవరూ ఏమీ అడగరని ఆశ. నేనూ అడగలేదు. గరిటె తిప్పుతున్నాను. ఎమ్నా రావాలి.

ఎమ్నా నా చెల్లెలు. హేదీ ఇంజినీరుగా ఉన్న ఖర్జూర తోటల సర్వే ఆఫీసులోనే అదీ పనిచేస్తుంది, ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఈ మధ్యాహ్నం డైరెక్టరు దాన్ని పిలిచాడు, ఉంచుతారో పంపించేస్తారో చెప్పడానికి. అక్కణ్ణుంచి తిన్నగా ఇక్కడికే భోజనానికొస్తానంది. ఏం చెప్పారో ఫోన్లో చెప్పొచ్చుగా, చెప్పలేదు. చెప్పకపోవడంలోనే తెలిసింది అనుకోబోయి, లేదు, ఇలా పూర్తిచెయ్యడం మా ఆయన జబ్బు, నాకెందుకు అనుకుని కొత్తిమీర తరగడానికి కూర్చున్నాను.

కొత్తిమీర వాసన వస్తే ఎమ్నా బూట్లు గుర్తొస్తాయి. శీతాకాలమంతా అది తోటల్లో తిరిగి మా ఇంటికొచ్చేది, బూట్లకు కాలువ బురద, ఆ బురదలో నలిగిన కొత్తిమీర, ముల్లంగాకు. పైన ఖర్జూర చెట్లు, వాటి నీడన దానిమ్మలు, వాటి నీడన కూరగాయలు, ఆ మూడంతస్తుల కింద ఆకాశం కనపడదు. కాబట్టి చేతిలోని యంత్రానికి ఉపగ్రహం అందదు, మ్యాపు మీద మనిషి ఎక్కడున్నాడో చూపే చుక్క ఒకసారి సముద్రంలో, ఒకసారి మసీదు మీద తేలుతుందట. అందుకని అది తాడుతో కొలిచేది. ఒక కొస తను, ఒక కొస ఆ మడి తాలూకు ఏ ముసలాయనో. ఆయన "ఇదిగో, ఈ దానిమ్మ దాకా మాది" అంటే, పక్క మడి ఆయన "దానిమ్మ మాది, దాని నీడ నీది" అనేవాడట. అక్కా, మనుషులు నీడ కోసం కూడా పోట్లాడుకుంటారే, అని నవ్వుతూ బూట్లు వాకిట్లో దులిపేది. మా అత్తగారు చీపురు పట్టుకుని వెనకాలే నిలబడేవారు.

కొలతలు ఎవరైనా తీస్తారు. ఎమ్నా పేర్లు కూడా పోగుచేసింది. మా తోటల్లో ప్రతి మడికీ ఒక పేరుంది, కాగితాల మీద ఉండదు, నోళ్లలోనే ఉంటుంది. కుంటి గాడిద మడి. అలిగిన కోడలు మడి. రెండు పెళ్లిళ్ల మడి. ఈ పేర్లన్నీ తెలిసిన మనిషి తుర్కియా పెద్దమ్మ ఒక్కతే మిగిలింది, షెనినీ వైపు తోటలో గోరింటాకు కోసుకుంటూ బతికేది. ఎమ్నా ఆమె పక్కన కూర్చుని ఆకు దూస్తూ, ఒక్కొక్క మడి పేరూ అడిగి, దాని కథ అడిగి, ఏ పేరు ఏ మడిదో కాగితం మీద రాయకుండా తిన్నగా మ్యాపులోకే ఎక్కించింది. అలిగిన కోడలు ఎందుకు అలిగిందో కూడా చెప్పిందే అక్కా, అంది. ఎందుకట, అన్నాను. నీకెందుకులే, ఈ ఇంట్లో వినకూడదు, అని అత్తగారి వైపు చూసింది. రంజాను నెల పొడుపుకు ముందే తుర్కియా పెద్దమ్మ పోయింది. ఆమె చేతులు చివరిదాకా ఎర్రగానే ఉన్నాయట, చివరి స్నానం చేయించడానికి వెళ్లినావిడ చెప్పింది.

నూనె పెట్టాలా? ఇప్పుడే వద్దు, గుడ్డు పెట్టి మడిచే బ్రిక్‌లు చివరి నిమిషంలో వేయించాలి, ముందే వేయిస్తే మెత్తబడిపోతాయి, లోపల గుడ్డు గట్టిపడిపోతుంది. గుడ్డు కారకపోతే మా ఆయన ఏమీ అనకుండా పళ్లెం వైపు చూస్తాడు. ఆయన ఏమీ అనకపోవడం వాళ్లమ్మ నుంచి వచ్చింది.

ఇదే బల్ల మీద, కొత్తిమీర ఇప్పుడు ఉన్న ఈ చోటే, కిందటేడు వానల రోజుల్లో కంప్యూటర్ పెట్టి నన్ను కూర్చోబెట్టాడు. నేనూ భూగోళం చదివినదాన్నే, స్ఫాక్స్ కాలేజీలో, మ్యాపులంటే నాకు భయం లేదు. కానీ ఆయన నన్ను పిలిచింది ఆ చదువు గుర్తొచ్చి కాదు. "నీలాంటి మామూలు మనిషికి కూడా అర్థమవుతుందో లేదో చూద్దాం" అన్నాడు. మ్యాపు కింద ఒక నల్ల కిటికీ ఉంటుంది, వాళ్లు దాన్ని కన్సోల్ అంటారు. మౌసుతో ఒక్కొక్క మడీ పట్టుకుని లాగే బదులు అందులో ఆజ్ఞ రాస్తే వెయ్యి మళ్లకైనా ఒక్కసారే జరిగిపోతుంది. చిక్కేమిటంటే ఆజ్ఞలు పొడుగ్గా ఉంటాయి, ఒక్క అక్షరం తప్పినా ఎర్రగా అరుస్తుంది, ఆఫీసులో అందరూ దానికి దూరంగా తిరిగేవాళ్లు. హేదీ నెలల తరబడి కూర్చుని దానికి మాట పూర్తిచెయ్యడం నేర్పాడు. మళ్లు, కాలువలు, దారులు, మ్యాపులో ఒక్కొక్కటీ ఒక్కో పొర; ఆ పొర పేరు కొట్టి పక్కన చుక్క పెట్టగానే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది, ఆ పొరతో ఏమేం చెయ్యొచ్చో అన్నీ అందులో ఒకదాని కింద ఒకటి వస్తాయి, కావలసినదాన్ని ఏరుకోవడమే. అందంగానే ఉంది. కాదనను. నేను చుక్క పెట్టాను, పెట్టె తెరుచుకుంది, మొదటి వరసలో ఉన్నది చదివాను: ఎంచుకున్నవి చెరిపెయ్యి.

"ఇదెందుకు మొదట ఉంది?" అన్నాను.

"నేను ఎక్కువగా వాడేది అదే కాబట్టి. పరీక్ష కోసం దొంగ మళ్లు గీసి చెరుపుతుంటాగా. ఎక్కువ వాడేది పైకొస్తుంది. అదే తెలివి అందులో."

"నువ్వు ఎక్కువ వాడేది. మిగతావాళ్లకి..."

"మిగతావాళ్లకి వాళ్లు వాడేకొద్దీ మారుతుంది, తెలుసు."

నేను చెప్పబోయింది అది కాదు. మిగతావాళ్లకి వాళ్ల అలవాటు ఏర్పడేదాకా నీ అలవాటే ఉంటుందిగా అని. సరే అనుకుని, మళ్లన్నీ ఎంచుకుని, ఎన్నున్నాయో లెక్క అడుగుదామని రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కాను. ఏమీ జరగలేదు. మామూలు మనిషిని కదా, ఏమీ జరగకపోతే మళ్లీ నొక్కుతాను, లిఫ్టు మీటైనా రెండోసారి నొక్కే రకం నేను. మళ్లీ నొక్కాను. మ్యాపు మీద మళ్లన్నీ మాయమైపోయాయి, నీళ్లు చల్లి తుడిచిన బల్లలాగా. మొదటి ఎంటర్ నా రెండక్షరాలు తీసేసి తన మొదటి వరస మాట పెట్టిందన్నమాట, రెండోది దాన్ని జరిపించేసింది. నిజంగానా అని అడగనైనా అడగలేదు. "హేదీ, ఈ ఎంటర్ మీట..." అన్నాను. "రెండుసార్లు నొక్కావు, నొక్కకూడదు" అని నవ్వి, దొంగ మళ్లేలే, పోతే పోనీ, అని కంప్యూటర్ మూసేశాడు. నేను అప్పటికీ వదల్లేదు, మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ చెప్పాను, ఆ మొదటి వరస మార్చు, ఎంటర్ బదులు వేరే మీట పెట్టు. ఎంటరే అందరికీ అలవాటు, ఆఫీసులో వాళ్లు వేరే మీట నేర్చుకోరు, నువ్వు దీని గురించి బుర్ర పాడుచేసుకోకు, అన్నాడు. పాడుచేసుకోలేదు. నా బుర్ర నా దగ్గరే భద్రంగా ఉంది, ఎవరూ వాడనే లేదు.

వాకిలి చప్పుడు. కాదు, పక్కింటివాళ్లది.

రంజాను మొదటి వారంలోనే అది జరిగింది, ఎమ్నా వేలితో. షెనినీ మళ్లన్నీ ఎంచుకుంది, ఆ నల్ల కిటికీలో మొదటిసారి లెక్క అడగబోయింది, ఏమీ జరగలేదు, మళ్లీ నొక్కింది. అచ్చం నేను చేసినట్టే, ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లం గదా. తేడా ఒక్కటే, ఆ మళ్లు దొంగవి కావు. పోతే పోయిందిగానీ పాత ప్రతి ఉంటుందిగా అన్నారు అందరూ. ఉంది, శీతాకాలానికి ముందుది. కొలతలు మళ్లీ తీయొచ్చు, తాడు ఉంది, ముసలాయనలు ఉన్నారు. పేర్లు ఎవర్నడుగుతుంది? కుంటి గాడిద మడి ఎక్కడో గోరింటాకుతో ఎర్రబడ్డ ఆ వేళ్లకే తెలుసు. ఎమ్నా ఆ రోజు మా ఇంటికొచ్చి ఏడవలేదు. బూట్లు వాకిట్లో దులిపింది, వాటికి ఆ వేళ బురద లేదు, అయినా దులిపింది.

సోమవారం మీటింగు పెట్టారు, సరిగ్గా ఇలాంటి వేళకే, ఇళ్లకు పోయే ముందు. డైరెక్టరు మునీరు దాన్ని అందరి ముందూ నిలబెట్టి, చదువుకున్న పిల్లవి, ఎంటర్ మీట నొక్కడం రాదా, ఉపవాసంలో నిద్రపోతూ పనిచేస్తావా, అని అరిచాడట. దాని పక్క కుర్చీలోనే బావ ఉన్నాడు. ఆ పెట్టె పెట్టినవాడు, ఆ మొదటి వరస తనదైనవాడు, అదే పొరపాటు వంటబల్ల మీద కళ్లారా చూసినవాడు. నోరు తెరవలేదు. ఇంటికొచ్చి నాతో ఏమన్నాడు? "మునీర్‌ది ఉపవాసపు కోపం. పండగయ్యాక చల్లబడతాడు. ఇప్పుడు మాట్లాడితే ఇంకా పెరుగుతుంది." జీవితంలో మొదటిసారి అవతలివాడి మాట మధ్యలో అందుకోలేదు మా ఆయన. సరిగ్గా ఆ రోజే.

చేపలు తెచ్చే మనిషి, గోడవైపు తిరిగి గురకపెట్టే మనిషి. అలాంటి మనిషిని ద్వేషించడం కూడా కష్టం, పట్టు దొరకదు. వారం రోజులుగా పట్టుకోసం వెతుకుతున్నాను. ఒక్కటి దొరికింది. మీటింగు మర్నాడు పొద్దున్నే ఆయన ఇంట్లోంచే ఆ ప్రోగ్రాము తెరిచి మొదటి వరస మార్చేశాడు. చప్పుడు కాకుండా, ఎవరికీ చెప్పకుండా. నేను టీవీ మీద దుమ్ము తుడుస్తూ దాని అద్దంలో చూశాను. అంటే తెలుసు.

అత్తగారు తస్బీ పూసలు తిప్పుతూ వంటింట్లోకి వచ్చి మూత ఎత్తి చూశారు. "ఉప్పు..." అన్నారు. ఉపవాసంలో రుచి చూడలేం, వాసనతోనే చెప్పాలి, ఆవిడకి ఆ విద్య వచ్చు. "వేశాను అత్తయ్యా." "ఎక్కువైందంటున్నా" అన్నారు. చూశారా, నాకూ అంటుకుంది ఈ జబ్బు. ఆవిడ ముందుగదివైపు చూసి గొంతు తగ్గించారు. "వాడు నిద్రపోవట్లేదు." "తెలుసు." "చిన్నప్పుడు కూడా ఇంతే, కుండ పగలగొట్టి పడుకునేవాడు. లేపితే కలలో పగిలిందనేవాడు." చెప్పి మూత పెట్టేసి వెళ్లిపోయారు. కొడుకు గురించి ఆవిడ నోట ఈ ఇంట్లో నేను విన్న మొదటి విమర్శ, ఫిరంగి ముందు గంటలో. లెక్కలోకి రాదు.

నూనె పెట్టాను. మడతపెట్టిన రేకులో గుడ్డు కొట్టి నూనెలోకి జారుస్తుంటే వెనక అడుగుల చప్పుడు. హేదీ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. గడ్డం రెండు రోజులది. వేళ్ల మధ్య లేని సిగరెట్టును తిప్పుతున్నాడు.

"ఎమ్నా ఫోన్ చేసిందా?"

"లేదు."

"మబ్రూకా, నేను ఆలోచిస్తున్నా. అప్పుడు నువ్వన్నప్పుడు ఆ ఎంటర్ సంగతి... బహుశా నేనే..."

నాకు ఎంత సులువో ఆ వాక్యం పూర్తిచెయ్యడం. నాలిక మీద ఉంది. వారం నుంచి ఉంది, కిందటేడు వానల నుంచి ఉంది. బ్రిక్ తిరగేశాను.

"ఇప్పుడు చెప్పకు" అన్నాను.

"ఏం?"

"ఇప్పుడు చెప్పినవి లెక్కలోకి రావు. రేపు పొద్దున నువ్వే అంటావు, ఉపవాసం మాట్లాడిందని. ఫిరంగి పేలాక, కడుపులో షోర్బా పడ్డాక, అప్పుడు కూడా ఉంటే చెప్పు."

నా మాట చివరిదాకా విన్నాడు. విన్నందుకు సంతోషించాలో, ఇన్నేళ్లకు విన్నది ఇదా అని ఏడవాలో తెలియక ఇంకో గుడ్డు కొట్టాను, పచ్చసొన చిట్లింది.

ఎమ్నా వచ్చేసరికి వీధి ఖాళీ అయిపోయింది, పిల్లులు తప్ప ఎవరూ లేరు. శుభ్రంగా ఉన్న బూట్లు విప్పి గోడవారన పెట్టింది. ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది. రేడియోలో ఖురాను చదువుతున్న గొంతు ఆగింది, దూరంగా కోట వైపు నుంచి ఫిరంగి గోడల్లో మోగింది, నలుగురం ఒకేసారి ఖర్జూరం అందుకున్నాం. షోర్బాలో ఉప్పు ఎక్కువే. ఎవరూ అనలేదు.

"పండగ దాకా రానక్కర్లేదన్నారు. ఆ తర్వాత కూడా" అంది ఎమ్నా, నిమ్మచెక్క పిండుకుంటూ. "నా అంతట నేనే మానుకుంటున్నట్టు సంతకం పెట్టమన్నారు. పెట్టాను."

"ఎందుకు పెట్టావే?" అన్నాను.

"మునీర్ గారు అడిగారక్కా, నీ తరపున మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. నేను తలుపు వైపు చూశాను, బావ వస్తాడేమోనని." నిమ్మగింజ వేలితో తీసి పళ్లెం అంచున పెట్టింది. "అలవాటుకొద్దీ."

హేదీ చెంచా కింద పెట్టాడు. నీళ్లు తాగాడు. సిగరెట్టు పెట్టె బల్ల మీదే ఉంది, ఇప్పుడు తాగొచ్చు, ముట్టుకోలేదు. "ఎమ్నా" అన్నాడు. "ఆ రోజు..." అని ఆగాడు. అత్తగారు కొడుకు కష్టపడుతుంటే చూడలేక "పోనీలేరా, జరిగిందేదో..." అని అందుకోబోయారు. నేను బల్ల కింద ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. ఆవిడ నావైపు చూశారు, తర్వాత తన పళ్లెంలోకి చూశారు. ఎవరూ ఏమీ అందించలేదు. ఆయన మాట కోసం వెతుక్కుంటున్నాడు, పెట్టె ఏదీ తెరుచుకోవడం లేదు, మొదటి వరసలో ఏదీ లేదు.

"నాకు కాదు బావా" అంది ఎమ్నా, తలెత్తకుండా. "నాకు తెలుసు. తెలియనివాళ్లకి చెప్పు."

ఈ వేళ గాబెస్‌లో ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యరు. షోర్బా వేళ ఫోన్ మోగితే ఎవరో పోయారనుకుంటారు. హేదీ ఫోన్ తీసి బల్ల మధ్యలో, బ్రిక్‌ల పళ్లెం పక్కన పెట్టి, అందరికీ వినపడేలా నొక్కాడు. చాలాసేపు మోగింది.

"హేదీ? ఎవరికేమైంది?" మునీరు గొంతు, నోటినిండా తిండి.

"ఎవరికీ ఏమీ కాలేదు మునీర్ గారూ. ఎమ్నా సంగతి. ఆ మళ్లు పోవడం..."

"తెలుసయ్యా, తెలుసు. నీ మరదలు, నీకు బాధ. మంచి పిల్లే, నిర్లక్ష్యం, ఏం చేస్తాం. నువ్వేం మొహమాటపడకు, నీ మీద ఎవరికీ ఏ..."

"కాదు."

"అంటే నువ్వనేది, దానికి ఇంకెక్కడైనా చూద్దామని, అంతేగా? పండగయ్యాక..."

మా ఆయన ముఖం అప్పుడు చూశాను. ఎవరో తన నోట్లో చెయ్యి పెట్టి మాట లాక్కుని వేరే మాట కుక్కుతుంటే మనిషి ముఖం ఎలా ఉంటుందో, ఇన్నాళ్లూ నా ముఖం ఎలా ఉండి ఉంటుందో, అలా ఉంది. జాలి కలగలేదు. కలగాల్సింది. ఎమ్నా నిమ్మగింజల్ని అంచున ఒక వరసలో పేరుస్తోంది, తాడు పట్టి కొలిచినట్టు.

"మునీర్ గారూ" అన్నాడు హేదీ, "నన్ను చివరిదాకా చెప్పనివ్వండి. చెరిపే ఆజ్ఞ మొదట వచ్చేలా పెట్టింది నేను. ఎంటర్ నొక్కితే అదే పడేలా పెట్టింది నేను. ఇలా అవుతుందని కిందటేడే మా ఆవిడ చెప్పింది, నేను వినలేదు. మీటింగులో నాకు తెలిసే కూర్చున్నాను. తప్పు ఎమ్నాది కాదు. నాది."